సవరణ: ఆ ఇద్దరు చేసింది రకుగో కాదు

టోక్యోలో చూసిన ఇంగ్లిష్ స్టాండప్ షో గురించి మొన్న రాస్తూ, ఒకడు తిక్క సమాధానాలు చెప్తుంటే రెండోవాడు నెత్తిన ఒక్కటిచ్చే స్కిట్‌ని రకుగో, అంటే జపాన్‌లో కూర్చుని హాస్య కథ చెప్పే కళ, అన్నాను. తప్పు రాశాను, అది మాంజాయ్‌కి, అంటే ఇద్దరు కలిసి చేసే జపాన్ హాస్య సంభాషణకి, పేరడీ. జపాన్ సంప్రదాయ కళల పరిచయ వ్యాసాలు చూశాక తెలిసింది. రకుగోలో ఒక్కరే ఉంటారు, మెత్త మీద మోకాళ్ళు మడిచి కూర్చుని, ఒక విసనకర్ర, చిన్న తువ్వాలుతోనే కథలో అందరి మాటలూ తామే పలుకుతారు. ఆ విసనకర్రే చాప్‌స్టిక్స్ అయిపోయి, లేని నూడుల్స్‌ని సర్రున జుర్రుతుంటే చూసేవాళ్ళకి ఆకలేస్తుంది. ఇంగ్లిష్‌లో రకుగో కుదరదని కూడా అదే పోస్టులో అన్నాను, అదీ నిజం కాదు. రకుగో కళాకారుడు కత్సురా షిజాకు 1980లలోనే చేశారు, విదేశాల్లో కూడా. ఆ పోస్టులో ఉన్న, విజిటింగ్ కార్డు రెండు చేతులతో ఇచ్చే జోకు మాత్రం రాసినట్టే ఉంది, దాన్ని మార్చలేదు.