వీడియో ఏజీఎం గారికి ఓ చిన్న షేర్‌హోల్డర్ విన్నపం

మహారాజశ్రీ వీడియో ఏజీఎం గారి సముఖమునకు,

కంపెనీ షేర్‌హోల్డర్ల వార్షిక సమావేశాన్ని (ఏజీఎం) వీడియోలో నడిపించే మీ దర్బారులో నిన్న మధ్యాహ్నమంతా పడిగాపులు కాశాను. స్పీకర్‌గా పేరిచ్చా, డీమ్యాట్ నంబరిచ్చా, పాన్ ఇచ్చా, ప్రశ్న కూడా ముందే మెయిల్ చేశా. నాకంటే ముందు మాట్లాడినవాళ్లు "ఛైర్మన్ సార్, మీ నాయకత్వానికి పాదాభివందనం" అని మొదలుపెట్టి, ఫ్యాక్టరీ చూపించమనీ దీపావళికి ఏమన్నా పంపమనీ తీరిగ్గా అడిగారు, వాళ్లలో ఒక్కరికీ టైం అయిపోలేదు. నా వంతొచ్చింది. ఛైర్మన్ గారి ఇంటివాళ్ల కంపెనీకి మనం ఇచ్చిన అప్పుకి వడ్డీ ఎంతొస్తోందండీ అన్నానో లేదో, మైకు కట్. "థాంక్యూ సార్, మెయిల్లో జవాబిస్తాం, నెక్స్ట్ స్పీకర్ ప్లీజ్."

తమరు 2020లో కరోనా పుణ్యమా అని వచ్చారు. ముంబై కంపెనీ మీటింగుకి తణుకులో కూర్చుని హాజరవ్వచ్చని అందరికీ చెప్పుకుని మురిసిపోయాను కూడా. కరోనా పోయింది, తమరు మాత్రం ప్రభుత్వ సర్క్యులర్ మీద సర్క్యులర్‌తో పాతుకుపోయారు. హాల్లో అయితే మైకు లాక్కున్నా అరిస్తే వేదిక దాకా వినబడేది. (అక్కడ పంచే స్వీటు బాక్సు ఊసు ఎత్తను.) ఇంట్లోంచే ఆన్‌లైన్లో ఓటేసే రిమోట్ ఈ-ఓటింగేమో ముందు రోజు సాయంత్రం 5 గంటలకే మూసేస్తారు. ఓట్లు చాలావరకు పడిపోయాక ప్రశ్నలు అడగమంటున్నారు, తాళి కట్టాక పెళ్లిచూపులన్నమాట. ఇక బోర్డులో మూడో వంతైనా ఉండాలని 2013 కంపెనీల చట్టం చెప్పిన ఇండిపెండెంట్ డైరెక్టర్లు, అదే యాజమాన్యంతో సంబంధం లేనివాళ్లు, తలో గడిలో కనిపించారు, ఒకాయన కెమెరాలో ఫ్యాను తిరుగుతోంది.

నా ప్రశ్న అంత పనికిమాలినదా? 2008 డిసెంబర్ 16న సత్యం కంప్యూటర్స్ బోర్డు ఏం చేసిందో మనవాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఛైర్మన్ రామలింగరాజు కుటుంబానికి చెందిన రెండు మేటాస్ కంపెనీలను కొనడానికి తలూపింది. ఆ బోర్డులో హార్వర్డ్ ప్రొఫెసర్ కూడా ఉన్నారు. ఆపింది వాళ్లెవరూ కాదు, షేర్‌హోల్డర్ల గోల. న్యూయార్క్‌లో షేరు సగానికి పైగా కూలింది, తెల్లారేసరికి డీల్ రద్దు. నెల తిరక్కుండానే, 2009 జనవరి 7న, లేని నగదు ఉన్నట్టు చూపించామని రాజు గారే లేఖ రాశారు. ఆ గోలని కూడా ఒక్క బటన్‌తో నొక్కేయగలిగి ఉంటే ఏమయ్యేదో నువ్వే చెప్పు.

అవును, నువ్వే. తమరూ గిమరూ ఇంక నా వల్ల కాదు. నా డబ్బుతో నడిచే మీటింగులో నా గొంతు నొక్కడానికి నువ్వెవరు? మీటింగు ట్రాన్స్‌క్రిప్ట్ వెబ్‌సైట్‌లో పెట్టాలని రూలుందిగా, పెట్టు. నా పేరు పక్కన మాత్రం "సాంకేతిక కారణాల వల్ల వినబడలేదు" అని రాయించకు. వినబడింది. అందుకే ఆపారు.