బ్యాకప్ రన్నింగ్ బ్యాక్ ఇన్సూరెన్స్ కాదు

ఆగస్టు సగం దాటిందంటే మా ఫాంటసీ ఫుట్‌బాల్ లీగ్ వాట్సాప్ గ్రూపులో అదే ఫార్వర్డ్ మొదలవుతుంది. (ఫాంటసీ అంటే, అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్ ఆటగాళ్లను డ్రాఫ్ట్‌లో రౌండ్ల వారీగా వంతులేసుకుని ఎంచుకుంటాం, నిజం మ్యాచ్‌లో వాళ్లు ఆడినదాన్ని బట్టి మనకు పాయింట్లు. రన్నింగ్ బ్యాక్ అంటే బంతి పట్టుకుని పరిగెత్తేవాడు.) "మొదటి రౌండ్లో రన్నింగ్ బ్యాక్‌ని తీసుకున్నవాళ్లు అతని బ్యాకప్‌ని కూడా తప్పక తీసుకోండి, అదే మీ ఇన్సూరెన్స్" అని, కింద కారణాలతో సహా. డల్లాస్‌లో ఉన్నవాళ్లూ పంపుతారు, న్యూజెర్సీలో ఉన్నవాళ్లూ పంపుతారు. కొత్తగా ఆడేవాళ్లు దాన్ని నమ్మి తొమ్మిదో రౌండూ పదో రౌండూ పోగొట్టుకుంటున్నారు. అందుకే రాస్తున్నా.

"రన్నింగ్ బ్యాక్‌లకు దెబ్బలు ఎక్కువ." నిజం. ఎవరూ కాదనలేదు.

"మీరు తీసుకోకపోతే పక్కవాడు తీసుకుని ట్రేడ్‌లో (ఆటగాళ్ల మార్పిడిలో) మిమ్మల్ని పిండుతాడు." తీసుకోనివ్వండి. మీవాడు ఆడినన్నాళ్లూ పక్కవాడి బెంచ్ మీద, అంటే ఆడించకుండా పక్కన ఉంచుకునేవాళ్లలో, ఒక చోటు వృథా.

"మెయిన్ ఆటగాడు పడిపోతే క్యారీలన్నీ (బంతితో పరిగెత్తే అవకాశాలన్నీ) బ్యాకప్‌కే." అసలు చేటంతా ఈ ఒక్క మాటలో ఉంది. ఎవరికి బంతి ఇవ్వాలో ఆగస్టులో మీరు చూసిన డెప్త్ చార్ట్ (ఎవరి తర్వాత ఎవరో జట్టు చూపే జాబితా) నిర్ణయించదు, అక్టోబరులో కోచ్, జనరల్ మేనేజర్ నిర్ణయిస్తారు. 2015లో కాన్సస్ సిటీ స్టార్ జమాల్ చార్ల్స్ మోకాలు పోయింది. అందరూ దాచుకున్నది నైల్ డేవిస్‌ని. ఆడింది చార్‌కాండ్రిక్ వెస్ట్, తర్వాత స్పెన్సర్ వేర్. 2020లో రెండో వారంలోనే జెయింట్స్ స్టార్ సేక్వాన్ బార్క్లీ సీజన్ ముగిసింది. బ్యాకప్ డియాన్ లూయిస్. జెయింట్స్ కొద్ది రోజుల్లో బయటి నుంచి డెవాంటా ఫ్రీమన్‌ని తెచ్చుకున్నారు, చివరికి ఆ జట్టులో ఎక్కువ గజాలు పరిగెత్తింది వేన్ గాల్‌మన్. 2022లో తమ స్టార్ బ్రీస్ హాల్ గాయపడిన మర్నాడే జెట్స్ జేమ్స్ రాబిన్సన్ కోసం ట్రేడ్ చేశారు. అప్పటిదాకా హాల్ బ్యాకప్ మైకేల్ కార్టర్‌ని మోసినవాళ్లకు ఒక్క పూట కూడా సంబరం మిగల్లేదు. అదే ఏడాది డెన్వర్‌లో జావాంటే విలియమ్స్ పడిపోతే, ఇక మెల్విన్ గోర్డన్‌దే రాజ్యం అనుకున్నారు. నవంబరులో గోర్డన్‌ని జట్టే వదిలేసింది. సెయింట్స్ జట్టు ప్రాక్టీస్ స్క్వాడ్ (అదనపు ఆటగాళ్ల బృందం) నుంచి వచ్చిన లటావియస్ మరే 703 గజాలతో ఆ జట్టులో మొదటివాడయ్యాడు. ఇన్సూరెన్స్ పాలసీలో డబ్బు ఎవరికి ముడుతుందో ముందే రాసి ఉంటుంది. ఇక్కడ అది ప్రమాదం జరిగాక రాస్తారు. ఇంకెన్ని సీజన్లు ఇలా జరిగితే ఈ ఫార్వర్డ్ ఆపుతారు?

"మరి జేమ్స్ కానర్?" ఈ పేరు ప్రతిసారీ వస్తుంది. 2018లో లెవియాన్ బెల్ కాంట్రాక్టు గొడవతో సీజనంతా రాలేదు, అతని బ్యాకప్ కానర్ పరుగులోనే 12 టచ్‌డౌన్లు చేశాడు. కానీ ఆ ఏడాది ఎక్కువ లాభపడింది ఎవరు? బెల్‌నీ కానర్‌నీ ఇద్దరినీ తీసుకున్నవాడు ఒక మొదటి రౌండ్ పిక్ పోగొట్టుకుని, దాదాపు మొదలుపెట్టిన చోటికే చేరాడు. బెల్ జోలికి పోకుండా కానర్‌ని మాత్రం తీసుకున్నవాడికి తన మొదటి రౌండ్ ఆటగాడూ ఉన్నాడు, కానరూ దొరికాడు. బ్యాకప్‌ని తీసుకోవాలనుంటే ఎదుటివాడి స్టార్ వెనక ఉన్నవాణ్ణి తీసుకోండి. పన్నెండు జట్ల లీగ్‌లో మిగతా పదకొండు జట్ల రన్నింగ్ బ్యాక్‌లలో ఎవరు పడ్డా మీకు లాభం వచ్చే అవకాశం ఉండగా, మీకు నష్టం జరిగితే తప్ప పనికిరానివాణ్ణే ఎందుకు పట్టుకు వేలాడాలి?

పైగా మొదటి మూడు వారాల్లో ఖాళీ బెంచ్ చోటంత విలువైనది ఇంకోటి లేదు. 2023లో ఎక్కువ లీగ్‌లలో రామ్స్ జట్టు రిసీవర్ (విసిరిన బంతిని అందుకునేవాడు) పూకా నకువాని ఎవరూ డ్రాఫ్ట్ చేయలేదు. సీజన్ ముగిసేసరికి 105 క్యాచ్‌లు, 1,486 గజాలు. కైరెన్ విలియమ్స్ కూడా ఆ ఏడాదే, ఆ జట్టులోంచే వచ్చాడు. అలాంటివాళ్లు వేవర్స్‌లో, అంటే ఎవరూ తీసుకోని ఆటగాళ్లలో, కనిపించినప్పుడు, బ్యాకప్‌ని వదలడానికి చెయ్యి రాక చూస్తూ కూర్చునేది ఈ మెసేజ్ నమ్మినవాళ్లే.

ఒక్క సందర్భంలో మాత్రం ఆ ఫార్వర్డ్ చెప్పిందే సరైనది, నేనూ అదే చేస్తాను. బై వీక్‌లు (జట్లకు మ్యాచ్ లేని వారాలు) అయిపోయి, ట్రేడ్ గడువు దాటి, ప్లేఆఫ్స్‌లోకి వెళ్లాక బెంచ్ మీద నాలుగో రిసీవర్‌కి పనేమీ ఉండదు. అప్పటికి మూడు నెలల ఆట చూసి ఉంటాం కాబట్టి, ఏ జట్టులో రెండోవాడు ఎవరో కూడా తేలిపోయి ఉంటుంది. అప్పుడు ఆ రిసీవర్‌ని వదిలేసి మీ స్టార్ వెనక ఉన్న బ్యాకప్‌ని తెచ్చుకోండి. చాలాసార్లు అతను వేవర్స్‌లో ఊరికే దొరుకుతాడు.