గోడకా, బీరువాకా? మా కారు షెడ్డులో ఒక వాదోపవాదం

తిరుపతిలో మేము కట్టుకున్న ఇంటి కింద 10 అడుగుల వెడల్పు, 18 అడుగుల పొడవు ఉన్న కారు షెడ్డు ఒకటి ఉంది. కారు కోసమే కట్టిన ఆ షెడ్డులోకి రెండేళ్లు తిరగకముందే మా వారి డ్రిల్లింగ్ మెషీను, గ్రైండరు, రంపాలు, చిత్రికలు, మిగిలిపోయిన పెయింటు డబ్బాలు, బంగారుపాళ్యం వైపున్న మామిడితోట నుంచి వచ్చిన దోటి, మందు కొట్టే స్ప్రేయరు ఒక్కొక్కటిగా చేరాయి. కారు మాత్రం వీధిలో ఎండుతోంది. పనిముట్లన్నీ గోడకెక్కించాలని మా వారు పట్టుబట్టారు. ఫిట్టరుగా పనిచేసి రిటైరైన ఆయన మేనమామ చిత్తూరు నుంచి వచ్చి, గోడ నమ్మదగినది కాదు, ఇనప బీరువా కొనమన్నారు. షెడ్డు మధ్యలో రెండు స్టూళ్లు వేసుకుని వారిద్దరూ సాగించిన వాదాన్ని, కాఫీలనూ కసురుకోవడాలనూ తీసేసి, నాకు అర్థమైన వరుసలో ఇక్కడ రాస్తున్నాను.

మేనల్లుడు: మామయ్యా, ముందు కొలతలు చూడండి. షెడ్డు వెడల్పు 120 అంగుళాలు. అద్దాలు మడిస్తే కారు వెడల్పు సుమారు 67 అంగుళాలు. ఎడమ గోడకు 12 అంగుళాలు వదిలి ఆపితే డ్రైవరు వైపు మిగిలేది 41. మీరు చెప్పే బీరువా లోతు 19 అంగుళాలు. దాన్ని అక్కడ నిలబెడితే తలుపు తెరిచి దిగడానికి 22 అంగుళాలే ఉంటాయి. నేను పక్కకు తిరిగి, పొట్ట బిగబట్టి దిగాలి. అదే గోడకు పట్టీలు కొట్టి పనిముట్లు తగిలిస్తే 6 అంగుళాలకు మించి ముందుకు రావు కాబట్టి 35 అంగుళాలు నాకు మిగులుతాయి.

మేనమామ: నీ లెక్క సరైనదే గాని, బీరువాను డ్రైవరు తలుపు దగ్గర పెట్టమని నేను అనలేదు కదా. కారు పొడవు 4 మీటర్ల లోపు, అంటే 13 అడుగులు. షెడ్డు 18 అడుగులు. బానెట్టు ముందు 5 అడుగులు ఖాళీగా ఉంది. బీరువా అక్కడ పెట్టు. పైగా నువ్వు చెప్పే ఆ 6 అంగుళాలు ఏ ఎత్తులో వస్తాయో ఆలోచించావా? చీకట్లో కారు దిగే మనిషి భుజానికి సరిగ్గా రంపం పళ్లు తగిలే ఎత్తులో వస్తాయి.

మేనల్లుడు: రంపాన్ని అక్కడ తగిలించను. ఇక బానెట్టు ముందున్న 5 అడుగుల్లో 2 అడుగులు పనిబల్లకు, 3 అడుగులు నేను నిలబడడానికి కావాలి. అక్కడ బీరువా పెడితే బల్ల ఉండదు. బల్ల లేకపోతే ఈ పనిముట్లతో నేను చేసే పనీ ఉండదు. మరో సంగతి. 2021 నవంబరు వానలకు ఈ ఊళ్లో ఇళ్లలోకి నీళ్లు వచ్చినప్పుడు మేమింకా అద్దె ఇంట్లోనే ఉన్నాం. నేల మీదున్న పెట్టెలోని పనిముట్లన్నీ రెండు రోజులు నీళ్లలో నానాయి. డ్రిల్లింగ్ మెషీను మోటారు మళ్లీ తిరగలేదు. మేకుకు తగిలించిన ఒక్క కొలత టేపు మాత్రం బతికింది.

మేనమామ: ఆ నష్టం నాకూ తెలుసు. బీరువాను అడుగు ఎత్తు ఇనప స్టాండు మీద పెడితే సరిపోయేది. తడి నేల మీదే ఆగుతుందనుకుంటున్నావా? అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు పడే ఈశాన్య వానలకు గోడ అడుగు నుంచి చెమ్మ పైకి పాకుతుంది. గోడకు తగిలించిన ఉలి నెల తిరిగేసరికి తుప్పు పడుతుంది. మూసిన బీరువాలో నూనె గుడ్డ చుట్టి పెట్టిన నా ఉలి ఇప్పటికీ అద్దంలా ఉంది.

మేనల్లుడు: తుప్పు బీరువాలో కూడా పడుతుంది, కాకపోతే మనకు కనబడదు. తగిలించిన ఉలిని రోజూ చూస్తాను, రోజూ తీస్తాను, వారానికోసారి నూనె రాస్తాను. పైగా నా పట్టీలు గోడంతా కప్పవు. ఫ్రెంచ్ క్లీట్ అంటారు దాన్ని. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌ను పట్టీలుగా కోసేటప్పుడు, ఒక అంచును 45 డిగ్రీల వాలుగా కోస్తారు. ఒక పట్టీని, వాలు గోడవైపు పల్లంగా దిగేట్టు, గోడకు మరలతో బిగిస్తారు. దానికీ గోడకూ మధ్య పైన చిన్న గాడి మిగులుతుంది. పనిముట్టును పట్టే చెక్క వెనక అలాంటి పట్టీనే తలకిందులుగా బిగించి, ఆ గాడిలో కూర్చోబెడతారు. బరువు పెరిగేకొద్దీ అది గోడవైపే లాక్కుంటుంది. ఎత్తితే ఊడి వస్తుంది, పక్కకు జరపాలంటే జరుపుకోవచ్చు. 8 అడుగులకు 4 అడుగుల షీటు ఒకటి కొంటే 4 అంగుళాల పట్టీలు 11 వస్తాయి. ఈ గోడకు 8 చాలు.

మేనమామ: మన పాత ఇళ్లలో చిలక్కొయ్యలు ఉండేవి. చొక్కా, గొడుగు, మేకపిల్ల తాడు అన్నీ వాటికే. వంటింట్లో ఉట్టి, వసారాలో దండెం, గోడలో దీపం గూడు. నువ్వు ఫ్రెంచి పేరు పెట్టి చెప్పేది మా అమ్మకు తెలియనిదేమీ కాదు. కానీ ఆ కొయ్యలు గోడ కట్టేటప్పుడే రాళ్ల మధ్య దించినవి. ఇప్పుడు నువ్వు మరలు దించబోయే గోడ ఏమిటో నీకు తెలుసా?

మేనల్లుడు: ఇటుక గోడే కదా. అమెరికాలో షేకర్లనే మత సమాజం వాళ్లు గది చుట్టూ కొయ్య మేకుల పట్టీలు కొట్టి, నేల ఊడ్చేటప్పుడు కుర్చీలను కూడా వాటికే తగిలించేవారట. కుర్చీని మోసిన గోడ సుత్తిని మోయదా?

మేనమామ: వాళ్ల సంగతి సరే, మన గోడ మాట చెప్పు. లేచి తట్టి చూడు.

(ఇక్కడ ఇద్దరూ లేచి, వేలి కణుపులతో గోడను తడుతూ ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచారు. కిటికీ పక్కన ఒకచోట డొల్ల శబ్దం వచ్చింది. పూత ఇటుకను వదిలేసిన చోటు అదేనని మామయ్య సుద్దముక్కతో సున్న చుట్టారు. ఇల్లు కట్టిన మేస్త్రీ గురించి ఆయన అన్న మాట రాయడం లేదు.)

మేనమామ: వెనక గోడ తొమ్మిదంగుళాలది. పక్క గోడ నాలుగున్నర అంగుళాలది. పూత అర అంగుళానికి పైనే ఉంది. నీ మర పూతలోనే ఆగిపోతే నెలలోపు పట్టీ, దాని మీది పనిముట్లు అన్నీ కలిసి కారు బానెట్టు మీద పడతాయి. లెక్క చెప్పు, ఎంత పొడవు మర కావాలి?

మేనల్లుడు: పట్టీ 18 మిల్లీమీటర్లు, పూత 15, ఇటుకలోకి కనీసం 40. మొత్తం 73. అంటే 75 మిల్లీమీటర్ల మర, మూడంగుళాలది. దానికి తగ్గ నైలాన్ ప్లగ్గు ఇటుకలోనే కూర్చోవాలి.

మేనమామ: ఇప్పుడు దారికొచ్చావు. డ్రిల్లు దిగుతున్నప్పుడు పొడి రంగు చూస్తూ ఉండాలి. మొదట బూడిదరంగు సిమెంటు పొడి రాలుతుంది. తరువాత ఎర్రపొడి రావాలి. ఎర్రపొడి వస్తూ వస్తూ బిట్టు ఒక్కసారిగా లోపలికి జారిందంటే ఇటుకల మధ్య ఖాళీలో పడ్డట్టు. ఆ రంధ్రం పనికిరాదు, రెండంగుళాలు పక్కకు జరగాలి. ఎంత నొక్కినా దిగక బూడిదపొడే వస్తుంటే అది కాంక్రీటు పిల్లరు. దానికి సుత్తిదెబ్బ కొట్టే డ్రిల్లే కావాలి, కానీ అక్కడ దిగిన మర ఇక ఊడదు. స్విచ్చుబోర్డుకు నిట్టనిలువుగా పైన మాత్రం డ్రిల్లు పెట్టకు. వైరు పైపు అక్కడి నుంచే నేరుగా కప్పుకు పోతుంది.

మేనల్లుడు: ఇంత చెప్పారంటే గోడకు ఒప్పుకున్నట్టేనా?

మేనమామ: గోడ ఎలా ఉందో చెప్పాను, అంతే. చెదల మాట నువ్వు ఇంకా ఎత్తలేదు. ప్లైవుడ్‌ను గోడకు అంటించి బిగిస్తే దాని వెనక చెదలు మట్టి గూడు కట్టుకుని పైకి పాకుతాయి. పట్టీ చేతిలో పిండి అయ్యేదాకా నీకు తెలియదు.

మేనల్లుడు: బోర్డుతో గోడంతా కప్పేవాళ్లకు ఆ భయం ఉంది. నా పట్టీల మధ్య నాలుగేసి అంగుళాల గోడ కనబడుతూనే ఉంటుంది. చెద గీత మొదలైతే అదే రోజు కనబడుతుంది. ఆఖరి పట్టీ నేలకు మూడడుగుల పైనే ఉంటుంది. ప్లైవుడ్ కూడా నీళ్లకు తట్టుకునే రకం, ఐఎస్ 710 ముద్ర ఉన్నదే కొంటాను. ఐఎస్ 303 మామూలు రకం ఈ చెమ్మకు ఉబ్బుతుంది. బీరువా వెనక నేల మూలలో చెదలు చేరితే మీరు ఏ రోజు చూస్తారు, దాన్ని జరిపే మనిషి దొరికిన రోజునా?

(ఈ దెబ్బ మామయ్యకు తగిలింది. స్టూలు మార్చి కూర్చున్నారు.)

మేనమామ: బల్ల మీద నీ చేతికి అందే పనిముట్లకు పట్టీలు పెట్టుకో, కాదనను. కొక్కేలు దూర్చి పనిముట్లు తగిలించే రంధ్రాల బోర్డు మాత్రం తేవద్దు. స్క్రూడ్రైవరు తీయబోతే దానితోపాటు కొక్కెం కూడా ఊడి చేతికి వస్తుంది. అట్ట లాంటి ఆ బోర్డు మన వానకు వంగుతుంది. తెచ్చినా ఇనప రేకుది తే. వెనక ముప్పావు అంగుళం కొయ్య బద్ద పెట్టి గోడకు ఎడంగా బిగించు, లేకపోతే కొక్కెం తోక దూరదు. ఇంకొకటి. ప్రతి పనిముట్టు వెనక దాని ఆకారాన్ని రంగుతో గీయి. కర్మాగారాల్లో అలాగే గీస్తారు. సాయంత్రం పని ఆపేటప్పుడు ఏ బొమ్మ ఖాళీగా కనబడితే ఆ పనిముట్టు కారు కిందనో, పక్కింటి వాళ్ల దగ్గరో ఉన్నట్టు.

మేనల్లుడు: నేను చెప్పేదీ అదే, మామయ్యా. బీరువాకు అలాంటి బొమ్మ గీయలేం. తలుపు వేశాక 12 నంబరు స్పానరు ఉందో లేదో తెలియక మళ్లీ కొత్తది కొంటాం. ఇప్పుడు నా దగ్గర అవి మూడున్నాయి.

మేనమామ: మూడు స్పానర్లు ఉంటే ఏ పిల్లాడూ చావడు. నీ మామిడితోట మందు సీసా ఎక్కడ తగిలిస్తావు? తిన్నర్ డబ్బా? బ్యాటరీలో పోసే నీళ్లను తాగేనీళ్ల సీసాలోనే పెట్టావు, పొద్దున చూశాను. ఎదురుగా కనబడేట్టు పెడితే నీకు మాత్రమే కనబడతాయా, ఎనిమిదేళ్ల పిల్లవాడికి కనబడవా? పట్టీ మీద పెట్టిన పురుగుమందు సీసా కన్నా నేల మీద తాళం వేసిన బీరువా నయం.

(దీనికి మా వారు సమాధానం వెతుక్కుంటూ ఉండగా నేను వెళ్లి ఆ నీళ్ల సీసాను తీసి దాచాను. ఈ విషయంలో నేను మామయ్య పక్షమే.)

మేనల్లుడు: ఒప్పుకుంటున్నాను. వాటికి తాళం కావాలి. అయినా అది బీరువానే కానక్కర్లేదు. తొమ్మిదంగుళాల గోడకు, నా తల ఎత్తు కన్నా పైన, తాళం వేసే ఇనప పెట్టె ఒకటి బిగిస్తాను.

మేనమామ: ద్రవాలను తల పైన పెట్టకు. దించేటప్పుడు మూత సరిగా లేకపోతే కంట్లో పడతాయి. నీ ఛాతీ ఎత్తులో పెట్టి తాళం వెయ్యి. లోతు 8 అంగుళాలు మించనీయకు. ఒకే బరువు గోడకు 3 అంగుళాల దూరంలో ఉంటే ఒక లెక్క, 12 అంగుళాల దూరంలో ఉంటే ఇంకో లెక్క. పొడుగు స్పానరు పట్టుకుంటే నట్టు ఎందుకు తేలిగ్గా తిరుగుతుందో, లోతైన అరను పట్టే పైవైపు మర ఎందుకు ఊడుతుందో, రెండిటికీ కారణం ఒకటే.

మేనల్లుడు: మరి లోతుగా ఉండే వస్తువులు, పెయింటు బకెట్లు, గ్రైండరు పెట్టెలు ఎక్కడ?

మేనమామ: మనం కడప బండ అరలు కట్టిద్దాం. చెద పట్టదు, తుప్పు పట్టదు, నూనె ఒలికితే గుడ్డతో తుడిచేయవచ్చు. మా ఇంట్లో వంటింటి అరలన్నీ అవే.

మేనల్లుడు: అంగుళం కన్నా తక్కువ మందం ఉన్నా, 4 అడుగుల పొడవు, అడుగు వెడల్పు బండ ఒకటి 20 కిలోలు తూగుతుంది. దాన్ని గోడలో దించాలంటే గాడి కొట్టాలి. నాలుగున్నర అంగుళాల గోడలో గాడి కొడితే గోడ ఏం మిగులుతుంది? పైగా రేపు ఆ అర నాలుగంగుళాలు పైన ఉండాల్సిందనిపిస్తే జరపగలమా?

మేనమామ: పక్క గోడలో గాడి కొట్టి కాదు. ఎడమ గోడ మూలలో, కారు బానెట్టు పక్క నుంచి మొదలుపెట్టి వెనక గోడకు ఆనేట్టు. కారు బానెట్టు మూడడుగుల ఎత్తే కదా, దాని పైన కప్పు దాకా ఉన్నదంతా ఊరికే గాలి. నాలుగున్నర అడుగుల ఎత్తులో 20 అంగుళాల అర అక్కడ వేసినా కారుకు తగలదు. కింద కోణపు ఇనప కాళ్లు నేల మీద నిలబెడితే గోడ మీద బరువే ఉండదు. కారు ఎక్కడ ఆగాలో నేల మీద ఒక కొయ్య దిమ్మ బిగించెయ్యి, టైరు దానికి తగలగానే ఆపేస్తావు.

మేనల్లుడు: బానెట్టు పై గాలి మాట నాకు తోచలేదు. అయితే బండ కన్నా ఆ కాళ్ల మీద ప్లైవుడ్ పలక వేస్తాను. ఎప్పుడైనా దించుకోవచ్చు.

మేనమామ: పలకే వేసుకో. ఉట్టికి ఎగరలేనమ్మ స్వర్గానికి ఎగిరినట్టు, గోడ మొత్తం ఒకేసారి నింపాలని మాత్రం చూడకు. మొదట నాలుగు పట్టీలు కొట్టి, ఆరు నెలలు వాడి చూడు. రోజూ తీసేవి చేతి ఎత్తులో, నెలకోసారి తీసేవి పైన, ఏడాదిగా ముట్టుకోనివి ఈ షెడ్డులో ఉండనక్కర్లేదు.

మేనల్లుడు: అలా చూస్తే మీ దోటి కూడా ఏడాదికోసారే తీస్తాం.

మేనమామ: దోటి జోలికి రాకు. 12 అడుగుల దోటిని ఏ బీరువాలో పెట్టలేమని నాకూ తెలుసు. ఎడమ గోడకు కప్పు కింద రెండు ఇనప కొక్కాలు, ఎనిమిదడుగుల ఎడంతో. అడ్డంగా పడుకోబెట్టు. చిక్కం ఊడదీసి వేరే మేకుకు పెట్టు, ఎలుకలు దాని నూలునే ముందు కొరుకుతాయి. ఆ మొదటి రంధ్రం నేనే వేస్తాను, డ్రిల్లు ఇలా తే.

(ఆ రంధ్రంలో రెండంగుళాల దాకా బూడిదపొడే రాలింది, ఇంకా నొక్కితే బిట్టు మీద నుంచి పొగ లేచింది. "పిల్లరు," అన్నారు మామయ్య, సంతోషంగా. రెండో కొక్కెం దగ్గర ఎర్రపొడి వచ్చింది. తాళం పెట్టె ఇంకా కొనలేదు. కొన్నప్పుడు దాని తాళంచెవి నా దగ్గరే ఉంటుందని ఇద్దరికీ అప్పుడే చెప్పేశాను.)