కోల్డ్ స్టోరేజీలో ముక్కును నమ్ముకుంటే సరిపోదు

గుంటూరు మిర్చి యార్డు చుట్టుపక్కల ముఠా కూలీలు, గుమాస్తాలు ఉన్న వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం విపరీతంగా తిరుగుతోంది. కోల్డ్ స్టోరేజీ అంటే గోదామే తప్ప ఫ్యాక్టరీ కాదని, గదులను చల్లబరచడానికి వాడే అమ్మోనియా గ్యాసు లీకైతే వాసనే ముందుగా హెచ్చరిస్తుందని, పైగా అది గాలికన్నా తేలిక కనుక పైకి పోతుందని, మాస్కులు ఇస్తే యజమాని బాధ్యత తీరిపోతుందని, ప్రమాదాలన్నీ కొత్తవాళ్ల అజాగ్రత్త వల్లేనని దాని సారాంశం. నమ్మినవారి ప్రాణాల మీదికి తెచ్చే మాటలివి కనుక ఒక్కొక్కదానికీ జవాబు చెప్పవలసి ఉంది.

మొదటిది సూటిగా తప్పు. 2025 నవంబరు వరకు అమల్లో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలో ‘తయారీ ప్రక్రియ’ నిర్వచనంలోనే వస్తువులను శీతల గిడ్డంగిలో నిల్వచేయడం చేరి ఉండేది; దాని స్థానంలో వచ్చిన వృత్తి భద్రత కోడ్‌లోనూ అది ఉంది.

వాసన గురించిన మాటలో కొంత నిజం ఉండడమే దాని ప్రమాదం. అమ్మోనియా కొద్దిపాటి మోతాదులోనే ముక్కుకు తగులుతుంది. అయితే రోజంతా కంప్రెసర్ గది దగ్గర మసలే ఆపరేటరు ముక్కు ఆ వాసనకు అలవాటు పడుతుంది; వాల్వు గ్లాండు (వాల్వు కాడ చుట్టూ గ్యాసు కారకుండా ఉండే బిగింపు) దగ్గర సన్నగా కారుతున్న గ్యాసు ‘ఇక్కడ ఎప్పుడూ ఉండేదే’ అనిపించుకుంటుంది. ఎనిమిది గంటల పనికి పాత ఫ్యాక్టరీల చట్టం రెండో షెడ్యూలు పెట్టిన పరిమితి 25 పీపీఎం, అంటే పది లక్షల భాగాల గాలిలో 25 భాగాలు. 300 పీపీఎం ప్రాణానికి తక్షణ ప్రమాదం తెచ్చే స్థాయిగా నిపుణులు పరిగణిస్తారు. ఈ రెండింటి మధ్య తేడాను ముక్కు కొలవలేదు. అందుకు గోడకు బిగించిన డిటెక్టరు, దానికి కలిపిన అలారం కావాలి, అవి పనిచేస్తున్నాయో లేదో తరచుగా పరీక్షించాలి.

తేలిక గనుక పైకి పోతుందన్నది ఇంకా మోసపూరితమైన మాట. ఆవిరిగా ఉన్న అమ్మోనియా గాలికన్నా తేలికే. కానీ పైపు పగిలి ఒత్తిడితో ద్రవం చిమ్మినప్పుడు అది చల్లని తుంపరగా మారి, గాలిలోని తేమతో కలిసి, తెల్లని పొగమంచులా నేలబారుగా పాకుతుంది. అది పైకి పోతుందనుకుని కింద నిలబడినవారే ముందుగా దానిలో చిక్కుకుంటారు. ఏ వైపు నుంచి గాలి వీస్తోందో చూసుకుని, గ్యాసు పాకే దారి నుంచి పక్కకు తప్పుకుని, గాలి వచ్చే దిక్కుకు చేరాలని హమాలీలకు సీజను మొదలవకముందే నేర్పాలి.

మాస్కుల విషయంలో ఏ మాస్కు అన్నదే అసలు ప్రశ్న. మూతికి కట్టిన తువ్వాలు మిర్చి దుమ్ములోని సన్నని రేణువులను ఆపలేదు. దుమ్మును బాగా ఆపే ఎన్95 అమ్మోనియాను ఆపదు. అమ్మోనియా కార్ట్రిడ్జి (ఆ గ్యాసును పట్టి ఉంచే డబ్బా) ఉన్న మాస్కు కూడా పెద్ద లీకులో చాలదు, సిలిండరుతో గాలి అందించే పరికరం ఉండాలి. అసలు మాస్కు చిట్టచివరి రక్ష. లీకును ఆపడం, దుమ్ము లేవకుండా చూడడం, మనుషుల్ని దూరంగా ఉంచడం అన్నీ దానికన్నా ముందు రావాలి. పని పద్ధతులు సురక్షితంగా ఉండేలా చూడడం, శిక్షణ, పర్యవేక్షణ కల్పించడం నిర్వాహకుడి విధులని పాత చట్టంలోని 7ఏ సెక్షను స్పష్టంగా చెప్పింది; కొత్త కోడ్ కూడా వాటిని యజమాని విధులుగానే ఉంచింది. మాస్కు పంచి సంతకం చేయించుకుంటే ఆ విధి తీరదు.

అజాగ్రత్త మాట అన్నింటికన్నా అన్యాయం. టిక్కీ (మిర్చి బస్తా) భుజాన వేసుకుని తడి మెట్ల మీద జారిన హమాలీ అజాగ్రత్తగా ఉన్నాడనడం తేలికే. ఆ మెట్టు ఎందుకు తడిసింది, లైటు ఎందుకు వెలగడం లేదు, బయట మే ఎండ నుంచి ఛాంబరు చలిలోకి రోజుకెన్నిసార్లు దిగి ఎక్కాడు, లారీ వెళ్లిపోతుందని తొందర పెట్టింది ఎవరు అన్న ప్రశ్నలకు ఆ మాట జవాబివ్వదు. పాతవారికి ఘాటు అలవాటైపోవడం కూడా రక్షణ కాదు. దగ్గు తగ్గినంత మాత్రాన దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోవడం ఆగదు.

ఈ సందేశాన్ని పంపించేవారు దానికి బదులు ఒక పని చేయవచ్చు. తదుపరి లోడింగుకు ముందు ముఠా మేస్త్రీ, ఆపరేటరు, మేనేజరు కలిసి టిక్కీ నడిచే దారంతా నడిచి, ఎక్కడ జారుతుంది, ఎక్కడ వాసన తగులుతుంది, అత్యవసర తలుపు లోపలి నుంచి తెరుచుకుంటుందా అన్నవి రాసుకోవాలి. ఒక్కోదాన్నీ ఎవరు, ఏ తేదీలోగా సరిచేస్తారో పక్కనే పేరుతో సహా రాసి, హమాలీలు చదవగలిగే చోట అంటించాలి.