నిద్రపోతూ సంపాదించే విద్య

సొంత ఇల్లున్నవాడు గృహస్థు. రెండో ఇల్లు కొని అద్దెకిచ్చినవాడు ఇన్వెస్టరు. ఈ రెండో హోదా నాకొచ్చి ఆరేళ్లు దాటింది కాబట్టి, నా వెనకాల రాబోయేవాళ్లకు నాలుగు ముక్కలు చెప్పాల్సిన బాధ్యత నా మీద ఉందనిపిస్తోంది. ఎవరూ అడగలేదు. అడిగితేనే సలహా ఇవ్వాలనే పట్టింపు ఇన్వెస్టర్లకు ఉండదు.

ముందు సిద్ధాంతం. భూమి చేతిలో ఉన్నవాళ్లు పని చేయకుండా, రిస్కు తీసుకోకుండా, పొదుపు కూడా చేయకుండా, నిద్రలోనే ధనవంతులైపోతారని జాన్ స్టువర్ట్ మిల్ అనే ఆర్థికవేత్త 1848లో రాశాడు. పాపం ఆయన దాన్ని ఫిర్యాదుగా రాశాడు. నేను బ్రోచర్‌గా చదువుకున్నాను. ఆ ధైర్యంతోనే లోను కాగితాల మీద సంతకం పెట్టాను. నిద్రలో ధనవంతుడవడానికి కావలసినవి రెండు. ధనం సంగతి తర్వాత చెబుతాను. నిద్ర మాత్రం ఆ సంతకం పెట్టిన రాత్రే పోయింది.

కొనేముందు లెక్క వేసుకోవాలంటారు. వేశాను. ఎక్సెల్‌లో, రంగులు కూడా వేసి. ఇంటి ధర 100 అనుకుంటే ఏడాది అద్దె 4. ఏడో వరసలో ‘ఇల్లు ఖాళీగా ఉండే నెలలు’ అని రాసి సున్నా పెట్టాను, అంత మంచి ఇల్లు ఖాళీగా ఎందుకుంటుంది? తొమ్మిదో వరస ‘రిపేర్లు’, అక్కడా సున్నానే, ఇల్లు కొత్తది కాబట్టి. చివర్లో ‘ఇతరములు’ అని ఒక వరస, అందం కోసం. నా శ్రమకు అసలు వరసే లేదు. మా ఆవిడ వెనక నిలబడి కాసేపు చూసి, “అన్నిట్లో సున్నాలు పెట్టేదానికి కంప్యూటర్ ఎందుకండీ?” అంది. ఆడవాళ్లకు ఫైనాన్స్ అర్థం కాదని అప్పట్లో నాకు గట్టి నమ్మకం.

ఏడాది తిరిగేసరికి సున్నాలు ఒక్కొక్కటే నిద్రలేచాయి. ఇల్లు ఒక్క నెల ఖాళీగా ఉంటే చాలు, ఏడాది అద్దెలో పన్నెండో వంతు, అంటే 8 శాతం పైనే గాల్లో కలిసిపోతుంది. నా 4 కాస్తా 3.67 అయింది. ఇంటి ధరలో ఏటా ఒక శాతం రిపేర్ల కోసం పక్కన పెట్టుకోవాలని అనుభవం ఉన్నవాళ్లు చెప్పే మోటు లెక్క ఒకటుంది. అది తీసేస్తే 2.67. పన్ను, ఇన్సూరెన్స్, మెయింటెనెన్స్, బ్రోకరు దక్షిణ పోగా చేతిలో మిగిలింది దాదాపు 2. ధరలో 80 వంతులు అప్పు తెచ్చాను, 8 శాతం వడ్డీకి. అంటే ఏడాదికి 6.4, అదీ వడ్డీ ఒక్కటే. అసలు సంగతి ఇంకా ఎత్తలేదు.

“అద్దెకున్నవాళ్లే మీ ఈఎంఐ కట్టేస్తారు సార్” అని నాకు ఇల్లు అమ్మినాయన అన్నాడు. ఆయన అబద్ధం చెప్పలేదు. కాకపోతే వాళ్లకు తోడుగా నేను కూడా కట్టాలి. వాళ్లు కట్టేది 3.67, అందులో ఖర్చులు పోను మిగిలే 2 వడ్డీకి జమ వేశాక నా జీతంలోంచి పోయేది 4.4. నేను ఉండని ఇంటికి, అందులో ఉంటున్నవాళ్లకన్నా నేనే ఎక్కువ అద్దె కడుతున్నానన్నమాట. దీన్ని పాసివ్ ఇన్‌కమ్, అంటే కష్టపడకుండా కూర్చున్నచోటికే వచ్చే ఆదాయం, అంటారు.

నిరుత్సాహపడకండి, అసలు లాభం ధర పెరగడంలో ఉంది. అప్పు మహిమ ఇక్కడే కనిపిస్తుంది. జేబులోంచి పెట్టింది 20 మాత్రమే, ఇంటి ధర పదిశాతం పెరిగితే నా డబ్బుకు యాభై శాతం లాభం! ఈ లెక్క చెప్పేటప్పుడు ప్రతి ఇన్వెస్టరు కళ్లూ మెరుస్తాయి. ధర 20 శాతం తగ్గితే నాది మొత్తం తుడిచిపెట్టుకుపోయి బ్యాంకుది మాత్రం భద్రంగా ఉంటుందన్నది కూడా అదే లెక్క. దాన్ని చెప్పేటప్పుడు ఎందుకో ఎవరికీ గొంతు పెగలదు. అయినా ఇళ్ల ధర తగ్గదు కదా, భూమిని కొత్తగా ఎవరూ తయారు చేయడం లేదు కదా. ఆమ్‌స్టర్‌డామ్‌లో హెరెన్‌గ్రాఖ్ట్ అనే కాలవ గట్టు మీది ఇళ్ల ధరలను 1628 నుంచి 1973 దాకా లెక్కగట్టిన ఆర్థికవేత్త ఒకాయన ఉన్నాడు. ద్రవ్యోల్బణం తీసేసి చూస్తే అవి సుమారు రెట్టింపయ్యాయి. చూశారా, రెట్టింపు! కాస్త ఓపిక పట్టాలంతే, 345 ఏళ్లు. ఆ మధ్యలో వచ్చే అద్దె వేరే అన్న మాట దాచను. ఆ మధ్యలో కారే పైపుల మాట కూడా దాచను.

ఇక ఎక్కడ కొనాలి? మన ఊళ్లో, మన ఏరియాలో. మనకు తెలిసిన చోటు కదా. నాకు తెలుసు కాబట్టి నేను కొన్నాను. మా వీధిలో అందరికీ తెలుసు కాబట్టి అందరూ కొన్నారు. ఇప్పుడు ఆ వీధికి వెళితే పద్నాలుగు టు-లెట్ బోర్డులు వరసగా స్వాగతం చెబుతాయి. ఒకప్పుడు ఇంటాయన అద్దెకొచ్చేవాళ్లను ప్రశ్నలడిగేవాడట. మొన్న ఒక కుర్రాడు సోఫాలో వెనక్కి వాలి, ఇంతకుముందు ఉన్నవాళ్లు ఎందుకు వెళ్లిపోయారని నన్ను అడిగాడు. నేను చేతులు కట్టుకుని సమాధానం చెప్పాను. “ఆలోచించి చెబుతా” అని లేచి వెళ్లాడు. ఇంటర్వ్యూలో నేను ఫెయిలైనట్టున్నాను.

ఉద్యోగం ఈ ఊళ్లోనే, ఉండే ఇల్లు ఈ ఊళ్లోనే, అద్దె ఇల్లూ ఈ ఊళ్లోనే. గుడ్లన్నీ ఒకే గంపలో పెట్టడమేగాక ఆ గంపలోనే నేనూ కూర్చున్నాను. అమెరికాలో కార్లకు పేరుపడ్డ డెట్రాయిట్ నగరంలో 1950లో 18 లక్షల పైచిలుకు జనం ఉండేవాళ్లు. కార్ల ఫ్యాక్టరీల పని తగ్గుతూ, జనం ఊరు విడిచి పోతూ, 2010 నాటికి 7 లక్షల చిల్లర మిగిలారు. ఇళ్లకు మాత్రం వలసపోవడం చేతకాదు.

ఇంతకీ నిద్ర సంగతి. రాత్రి పదకొండూ నలభైకి అద్దెవాళ్ల ఫోను. “సార్, కింద పోర్షన్ వాళ్లు వచ్చి నిలబడ్డారు.” వెళ్లాను. వాళ్ల బెడ్‌రూమ్ సీలింగ్ మీద పళ్లెమంత మచ్చ, మధ్యలో ఒక చుక్క. రాలుతుందా రాలదా అని నలుగురం మెడలెత్తి చూస్తున్నాం. రాలింది, సరిగ్గా నా కళ్లజోడు మీద. పొద్దున ప్లంబర్ వచ్చి బాత్రూమ్ నేలను చేత్తో తట్టి, డాక్టరు పొట్ట తట్టి విన్నట్టు విని, “టైల్స్ లేపితేగానీ చెప్పలేం” అన్నాడు. లేపాడు. అరగంట తవ్వి, చెమట తుడుచుకుని, “ఇక్కడ కాద్సార్” అన్నాడు. ఆ రెండు మాటల విలువ నెలన్నర అద్దె. ‘ఇతరములు’ వరసలో ఎక్కించాను.

ఇది నా ఒక్కడి గోడేం కాదు. క్రీస్తుపూర్వం 44లో రోమన్ వక్త సిసిరో తన స్నేహితుడికి ఒక ఉత్తరం రాశాడు. అద్దెకిచ్చిన కొట్లలో రెండు కూలిపోయాయట, మిగతావి బీటలిచ్చాయట, అద్దెకున్నవాళ్లే కాక ఎలుకలు కూడా ఖాళీ చేసి వెళ్లిపోయాయట. అలాంటి ఉత్తరంలో కూడా, ఈ నష్టాన్నే లాభంగా మార్చే ప్లాన్ ఒకటి ఉందని ధీమాగా చెప్పుకున్నాడు. చదివి కళ్లు చెమర్చాయి. అసలైన ఇన్వెస్టరంటే ఆయన. అప్పట్లో ఎక్సెల్ లేదు కాబట్టి సరిపోయింది గానీ, ఉంటే ఆయన షీట్‌లో కూడా ఏడో వరసలో సున్నానే ఉండేది.

మొన్న ఒకటో తారీకున మా అద్దెవాళ్లాయన ఫోన్ చేశాడు. బాత్రూమ్ గురించేమోనని గుండె గుభేలుమంది. కాదు. “సార్, మేం కూడా ఒక ఇల్లు కొని అద్దెకిద్దామనుకుంటున్నాం. మీ అనుభవంలో ఎలా ఉంటుందంటారు?” అన్నాడు. పెద్దరికం ముంచుకొచ్చింది. ముప్పావు గంట మాట్లాడాను. మిల్ గురించి చెప్పాను, యాభై శాతం లాభం గురించి చెప్పాను. నా ఎక్సెల్ షీట్ పంపమని అడిగితే వెంటనే పంపాను. కొత్తవాళ్లను మొదట్లోనే టెన్షన్ పెట్టడం ఎందుకని ‘ఇతరములు’ వరసను మాత్రం హైడ్ చేశాను.

రాత్రి ఆ సంగతి చెబితే మా ఆవిడ, “ఆ ఈఎంఐ కట్టుకుంటూ మనకు ఇంత అద్దె ఎక్కడ కడతాడు? చిన్న ఇల్లు చూసుకుని ఖాళీ చేస్తాడు” అని అటు తిరిగి పడుకుంది. నేను లేచి వెళ్లి షీట్ తెరిచి, ఏడో వరస ముందు చాలాసేపు కూర్చున్నాను.