ఘరాట్‌లో పిండి ఎందుకు మాడుతుంది

ఘరాట్ అంటే ఉత్తరాఖండ్‌లో నీటితో తిరిగే పిండిమర. వీటి గురించి వచ్చిన ఒక వ్యాసంలో, పై రాయి బరువుకే గింజ నలుగుతుందని రాశారు. బరువు కావాలి, నిజమే. కానీ రెండు రాళ్లూ ఒరుసుకోకూడదండీ. ఏటవాలు చెక్క దోనెలోంచి నీరు దూకి, అడుగున పడుకోబెట్టిన చక్రం రెక్కల్ని కొడుతుంది. దాని నిలువు ఇరుసే పై రాతిని నేరుగా తిప్పుతుంది, పళ్లచక్రాల గొడవ లేదు. ఇరుసు ఆనిన దుంగను కర్రతో కాస్త ఎత్తి, దించి సందు సరిచేస్తారు. కన్ను (పై రాతి నడుమ గింజ పడే రంధ్రం) దగ్గర గింజ దూరేంత సందు, అంచుకొచ్చేసరికి కాగితమంత.

సందు మరీ బిగిసినా, రాళ్ల మీద చెక్కిన గంట్లు అరిగి నున్నబడినా పిండి వేడెక్కి మాడు వాసనేస్తుంది. అప్పుడు నీళ్లు పెంచితే ఇంకా చెడుతుంది. రాయి ఎత్తి ఉలితో గంట్లు కొట్టాల్సిందే, మన తిరగలికి కక్కు కొట్టించినట్టు. ఆ తర్వాత ముందు కాస్త తవుడు మరాడించి పారబోయాలి, అందులో రాతిపొడి ఉంటుంది. చెమ్మ గింజ పోస్తే గంట్లలో పిండి అట్టకట్టి మళ్లీ ఇదే పేచీ.

వ్యాసంలో లేనిది గింజల బుట్టకు వేలాడే పుల్ల. తిరిగే రాతిమీద టకటకలాడుతూ గింజ రాలుస్తుంది, కాబట్టి రాయి వేగం పెరిగితే గింజా ఎక్కువ పడుతుంది. ఎంత తెలివైన ఏర్పాటో! ఆ పుల్ల జారితే మాత్రం రాళ్లు ఖాళీగా తిరిగి ఒకదాన్నొకటి తినేస్తాయి.