కాంకరెంట్ మాడిఫికేషన్ ఎక్సెప్షన్ గారికి ఒక బహిరంగ లేఖ

జావా అనే ప్రోగ్రామింగ్ భాషలో, జాబితాను చదువుతుండగా దాన్ని ఎవరైనా మారిస్తే తప్పని అరిచే కాపలాదారు గారికి, అంబాజీపేటలో కొబ్బరి కొట్ల లెక్కల ప్రోగ్రాములు చూసుకునే వ్యక్తి నమస్కరించి వ్రాయునది.

తమరి ముక్కుమీద కోపం జగమెరిగినదే. జాబితాలోని పేర్లను వరుసగా చూస్తూ లూపు తిరుగుతుండగా ఒక్క పేరు తీసేస్తే చాలు, ప్రోగ్రామును ఉన్నచోటే కూలబెడతారు. ఎన్ని మార్పులు జరిగాయో జావా జాబితా అయిన అరేలిస్ట్ తన మాడ్‌కౌంట్ అనే లెక్కలో రాసుకుంటుంది. జాబితాలో ఒక్కో పేరూ అందిస్తూ నడిచే ఇటరేటర్ బయలుదేరేటప్పుడే ఆ అంకెను దగ్గర పెట్టుకుని, తరువాతి పేరు ఇమ్మని నెక్స్ట్ అన్న ప్రతిసారీ సరిచూస్తుంది. తేడా వస్తే తమరు ప్రత్యక్షం. బాగుంది.

మరి రాజోలు సంగతి ఏమిటి? బాకీల జాబితాలో అయిదు ఊళ్లు: అమలాపురం, అంబాజీపేట, రావులపాలెం, కొత్తపేట, రాజోలు. బాకీ తీర్చేసిన కొత్తపేటను పాత కోడు లూపులోనే తీసేసింది. జాబితా నాలుగుకు తగ్గింది, ఎన్ని పేర్లు దాటామో చెప్పే కర్సరూ అప్పటికి నాలుగు దగ్గరే ఉంది. రెండూ సమానం కనుక ఇంకా పేర్లున్నాయా అని చూసే హ్యాజ్‌నెక్స్ట్ పని ముగిసిందనుకుంది. నెక్స్ట్‌ను పిలిచినవాడు లేడు, తమరు వచ్చిందీ లేదు. రాజోలును అడిగిన నాథుడే లేడు. ధవళేశ్వరం ఆనకట్టను కాటన్ దొర 1852లో పూర్తి చేయించాడు. నేటికీ శివారు రైతు నీటి కోసం కాలువ వైపు చూడాల్సిందే. తమరి ఏలుబడిలోనూ శివారుకు అదే గతి!

పోనీ, అమలాపురాన్ని తీస్తే? గావుకేకలు. రాజోలునే తీస్తే, ఆ తరువాత చూడవలసిన ఊరే లేకపోయినా, మళ్లీ గావుకేకలు. నోరు మెదపవలసిన ఒక్క చోటే మౌనవ్రతం. (పైథాన్ అనే మరో భాషలోని లిస్టు అయితే ఎప్పుడూ నోరు విప్పదు, పక్క పేరును చడీచప్పుడు లేకుండా దాటేస్తుంది. పేరుకో విలువ జతచేసి దాచే అక్కడి డిక్షనరీకి కాస్త నయం, సైజు మారితే ఎదురు తిరుగుతుంది.)

తమరిని నమ్ముకుని ప్రోగ్రాము రాయడం తప్పని జావా పత్రాల్లోనే ఉంది. జీతానికి మాత్రం లోటు లేదు కాబోలు.

అందుకే ఇక్కడ ఏర్పాట్లు మార్చుకున్నాం. తీసే పని ఇటరేటర్ సొంత రిమూవ్‌కే అప్పగిస్తే అది తన లెక్కనూ సరిచేసుకుంటుంది. 2014లో జావా 8తో వచ్చిన రిమూవ్‌ఇఫ్‌కు షరతు చెబితే లూపు గొడవే లేదు. మరీ చిక్కు వ్యవహారమైతే జాబితా నకలు మీద తిరుగుతూ అసలు దానిలో తీసేస్తున్నాం.

తమరు మాత్రం నెక్స్ట్ గడప వదిలి, హ్యాజ్‌నెక్స్ట్ దగ్గర కూడా ఒక కుర్చీ వేయించుకోండి. కొత్తపేట బాకీ తీరిన రోజున అక్కడ మెలకువగా ఉంటే చాలు.